యంత్రానికి పాఠం చెప్పే అమ్మాయిలు

తొమ్మిదో తరగతి పూర్తయిన అమ్మాయిలను వేసవి సెలవుల్లో రెండు వారాలు కృత్రిమ మేధ పరిశోధకుల పక్కన కూర్చోబెడితే ఏమవుతుంది? అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం 2015లో ఆ పని చేసి చూసింది. ఆ శిబిరం చెప్పిన పాఠం ఏమిటి, అది మన ఊళ్లకూ ఎందుకు కావాలి... ఈ వారం ముఖచిత్ర కథనం.

తుపాను తీరం దాటింది. ఊళ్లకు ఊళ్లు చీకట్లో ఉన్నాయి. ఫోన్లలో మిగిలిన కాస్త చార్జింగుతోనే జనం ట్విటర్‌లో రాస్తున్నారు. ఒకరికి తాగునీళ్లు కావాలి, ఒకరికి మందులు, ఇంకొకరికి చంటిబిడ్డకు పాలు. మధ్యమధ్యలో తుపాను మీద జోకులు, టీవీ వార్తలు, క్షేమంగా ఉండాలని కోరుకునేవాళ్ల ప్రార్థనలు. వరదలా వచ్చిపడే ఈ సందేశాల్లోంచి సాయం కోరుతున్నవి ఏవో ఏరాలి. అందులో ఆహారం ఎవరికి, నీళ్లు ఎవరికి, వైద్యం ఎవరికి, కరెంటు ఎవరికి అని విడదీసి సహాయ బృందాలకు అందించాలి. మనుషులే కూర్చుని ఒక్కోటీ చదువుతూ పోతే పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది.

ఈ ఏరే పనిని కంప్యూటరుకు నేర్పడం ఎలాగో తేల్చమని స్టాన్‌ఫర్డ్ శిబిరంలో కొందరు అమ్మాయిలకు అప్పగించారు. 2012 అక్టోబరులో న్యూయార్క్, న్యూజెర్సీలను కుదిపేసిన శాండీ తుపాను సమయంలో జనం రాసిన ట్వీట్లే వాళ్ల ముందున్న ముడిసరుకు. ఇక్కడ పాఠం వినేది యంత్రం, చెప్పేది అమ్మాయిలు.

ఇద్దరు పరిశోధకుల ఆలోచన

ఆ శిబిరం పేరు సెయిలర్స్. స్టాన్‌ఫర్డ్‌లోని కృత్రిమ మేధ ప్రయోగశాల నడిపింది. మొదటి ఏడాది 24 మంది అమ్మాయిలు. రెండు వారాలు. రోజూ ఇంటి నుంచి వచ్చి వెళ్లడమే, ఫీజు లేదు.

దీనికి పూనుకున్నవారిలో ముందు చెప్పుకోవలసింది ఫే-ఫే లీ గురించి. చైనాలోని చెంగ్‌డులో పెరిగి, టీనేజీలో తల్లితో కలిసి, అప్పటికే న్యూజెర్సీలో ఉన్న తండ్రి దగ్గరికి వలస వచ్చారు. ఇల్లు గడవడానికి ఆ కుటుంబం బట్టలు డ్రైక్లీనింగ్ చేసే చిన్న షాపు నడిపింది. ప్రిన్స్‌టన్‌లో ఫిజిక్స్ చదువుతూనే సెలవు రోజుల్లో ఆవిడ ఆ షాపు పనిలో చేయి వేసేవారు. తర్వాత కంప్యూటరుకు చూపు నేర్పే పరిశోధనలోకి మళ్లారు. 2009లో ఆవిడ బృందం ప్రకటించిన ‘ఇమేజ్‌నెట్’ అనే ఫొటోల భండారం ఈనాటి కృత్రిమ మేధకు పునాదిరాళ్లలో ఒకటి. అందులోని దాదాపు కోటీ 40 లక్షల ఫొటోల్లో ఏమేం ఉన్నాయో గుర్తించిపెట్టడానికి 167 దేశాల నుంచి దాదాపు 49 వేల మంది ఆన్‌లైన్‌లో పనిచేశారు. యంత్రం తనంతట తాను తెలివి తెచ్చుకోదు, ఎవరో ఒకరు నేర్పాలి అని ఆవిడకు తెలిసినంతగా మరొకరికి తెలియదనే చెప్పాలి.

స్టాన్‌ఫర్డ్ ప్రయోగశాలకు డైరెక్టరు అయ్యాక చుట్టూ చూస్తే ఈ రంగంలో ఆడవాళ్లు బహు కొద్దిమంది. ఆవిడ దగ్గరే పీహెచ్‌డీ పూర్తిచేస్తున్న ఓల్గా రుస్సకోవ్‌స్కీది కూడా అదే బాధ. విశ్వవిద్యాలయంలో చేరాక పిలిస్తే ఆలస్యమైపోతుంది, బడిలో ఉండగానే పిలవాలి అని ఇద్దరూ అనుకున్నారు. బడిపిల్లలకు స్టాన్‌ఫర్డ్ నడిపే కోర్సుల బాధ్యుడు రిక్ సోమర్ కలిసొచ్చారు. అలా పుట్టింది సెయిలర్స్.

2017 నాటికి ఇది ‘ఏఐ ఫర్ ఆల్’ అనే లాభాపేక్ష లేని సంస్థగా ఎదిగింది. మెలిండా గేట్స్, ఎన్విడియా అధినేత జెన్సన్ హువాంగ్ ఆర్థికంగా అండగా నిలిచారు. మరుసటి ఏడాది బర్క్‌లీ, ప్రిన్స్‌టన్, కార్నెగీ మెలన్, బోస్టన్ వంటి విశ్వవిద్యాలయాల్లోనూ శిబిరాలు జరిగాయి. ప్రిన్స్‌టన్‌లో ప్రొఫెసరుగా చేరిన ఓల్గా అక్కడి శిబిరానికి ముందు నిలిచారు.

‘నీళ్లు’ అంటే ఏ నీళ్లు?

తుపాను ట్వీట్ల పని ఎలా సాగుతుందో కాస్త దగ్గరగా చూద్దాం. మనకు అర్థమయ్యే ఊరికి తెచ్చుకుంటే ఇంకా బాగా తెలుస్తుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ చుట్టుపక్కల మునిగిపోయింది. పడవలతో, డ్రోన్లతో ఆహారం అందించాల్సి వచ్చింది. అలాంటి రోజున జనం పంపే సందేశాలే మన ముందున్నాయనుకోండి.

మొదటి మెట్టులో అమ్మాయిలు తామే నియమాలు రాస్తారు. ‘సందేశంలో నీళ్లు అన్న మాట ఉంటే తాగునీటి సాయం కింద వేయి’ అన్నది ఒక నియమం. ‘తాగడానికి నీళ్లు లేవు’ అన్న సందేశం సరైన చోటికే చేరుతుంది. కానీ ‘ఇంట్లోకి నడుం లోతు నీళ్లు వచ్చాయి, పడవ పంపండి’ అన్నది కూడా అక్కడికే పోతుంది. పడవ కావలసిన ఇంటికి నీళ్ల సీసాలు వెళ్తాయి. ‘పొద్దుట్నుంచి పిల్లల గొంతు తడవలేదు’ అన్న సందేశంలో నీళ్లు అన్న మాటే లేదు కాబట్టి అది పూర్తిగా జారిపోతుంది. ఒక్కో తప్పు దిద్దడానికి మరో నియమం, దాని తప్పు దిద్దడానికి ఇంకో నియమం. చూస్తుండగానే నియమాల చిట్టా చాంతాడంత అవుతుంది.

రెండో మెట్టులో దారి మారుతుంది. మనుషులు ముందుగా చదివి, ఏ కోవలోకి వస్తుందో గుర్తుపెట్టిన సందేశాలు కొన్ని వందలు యంత్రానికి ఇస్తారు. ఏ మాట ఏ కోవలో ఎన్నిసార్లు వచ్చిందో అది లెక్కగడుతుంది. ‘తాగడానికి’, ‘బాటిళ్లు’ అన్నవి తాగునీటి సందేశాల్లో ఎక్కువ. ‘లోతు’, ‘పడవ’, ‘మేడ’ అన్నవి రక్షించమనే సందేశాల్లో ఎక్కువ. కొత్త సందేశం రాగానే అందులోని మాటలన్నిటినీ కలిపి, ఏ కోవకు చెందే అవకాశం ఎక్కువో అంచనా కడుతుంది. ఇంటర్‌లో చదివే సంభావ్యతే ఇది. ఇక్కడ దానికి ప్రాణం వచ్చింది.

అసలైన చర్చ ఆ తర్వాత మొదలవుతుంది. ఎంత కసరత్తు చేసినా యంత్రం కొన్ని తప్పులు చేస్తుంది. అవసరం లేని ఇంటికి పడవ పంపడం ఒక తప్పు. అవసరమైన ఇంటిని వదిలేయడం ఇంకో తప్పు. రెంటిలో ఏది పెద్దది? మొదటిదాన్ని తగ్గించబోతే రెండోది పెరుగుతుంది. ఎక్కడ ఆగాలో గణితం చెప్పదు, మనుషులే తేల్చుకోవాలి. పద్నాలుగేళ్ల పిల్ల ఈ ప్రశ్న దగ్గర నిలబడి ఆలోచించిందంటే, కృత్రిమ మేధలో ముఖ్యమైన విషయం ఆమెకు పట్టుబడినట్టే.

ముఖం కనిపించని కెమెరా

శిబిరంలో మరో బృందం ఆసుపత్రి సమస్య తీసుకుంది. రోగి దగ్గరికి వెళ్లేముందు డాక్టర్లు, నర్సులు చేతులు శుభ్రం చేసుకోకపోతే ఒకరి నుంచి ఒకరికి రోగాలు అంటుకుంటాయి. ఎవరు చేసుకున్నారో, ఎవరు మరిచారో చూడటానికి పొద్దస్తమానం మనిషిని కాపలా పెట్టలేం. యంత్రం కనిపెట్టగలదా అన్నది ప్రశ్న.

మామూలు కెమెరా పెడితే రోగులూ సిబ్బందీ అందరూ అందులో పడతారు. అందుకే వాడింది దూరాన్ని కొలిచే సెన్సరు. అది ఇచ్చే చిత్రంలో రంగులుండవు, ముఖ కవళికలుండవు. ఎదుట ఉన్నది ఎంత దూరంలో ఉందన్న లెక్కే ఉంటుంది. మనిషి ఆకారం, గోడకున్న శానిటైజరు డబ్బా వైపు చాచిన చేయి... అంతవరకే తెలుస్తుంది. అవసరమైనంత మేరకే చూడటం, మిగతాది చూడకపోవడం అనే మర్యాదను కూడా యంత్రం తయారుచేసేవాళ్లే నిర్ణయించాలని ఆ అమ్మాయిలకు పనిలోనే అర్థమైంది.

క్యాన్సర్ కణాల జన్యు సమాచారంలో పోలికలు వెతకడం, తనంతట తాను నడిచే కారుకు దారి నేర్పడం మిగతా బృందాల పనులు. పాఠాలు, ప్రాజెక్టులతో పాటు ఈ రంగంలో పనిచేస్తున్న మహిళలతో ముఖాముఖి మాట్లాడించేవారు. రెండు వారాల ముందూ తర్వాతా పిల్లలను పరీక్షించి చూస్తే విషయ పరిజ్ఞానం, ఆసక్తి, ‘ఇది నేను చేయగలను’ అన్న నమ్మకం మూడూ పెరిగినట్టు తేలిందని నిర్వాహకులు 2016లో పరిశోధన పత్రంగా ప్రచురించారు. పాతిక మందైనా లేని ఒక్క బృందంతో అంతా రుజువైపోదు. కానీ దారి మంచిదని తేలింది.

ఎందుకోసమో ముందు చెప్పండి

ఈ దారి ఊరికే దొరకలేదు, వెనుక కొంత చరిత్ర ఉంది. 1940ల్లో ఎనియాక్ అనే తొలితరం కంప్యూటరుకు ప్రోగ్రాములు రాసింది ఆరుగురు మహిళలు. అమెరికాలో 1984 ప్రాంతంలో కంప్యూటర్ సైన్స్ డిగ్రీలు అందుకున్నవారిలో అమ్మాయిలు సుమారు 37 శాతం. అక్కణ్నుంచి ఆ వాటా దిగజారుతూ వచ్చి 2010 దాటేసరికి 18 శాతానికి చేరింది.

ఇలా ఎందుకైందో కార్నెగీ మెలన్‌లో జేన్ మార్గోలిస్, అలన్ ఫిషర్ ఏళ్ల తరబడి విద్యార్థులతో మాట్లాడి తెలుసుకున్నారు. ఇళ్లలోకి కంప్యూటర్లు వచ్చిన కాలంలో చాలా కుటుంబాలు వాటిని కొడుకు గదిలోనే పెట్టాయి. కాలేజీలో చేరేసరికి అబ్బాయిలకు అది చిన్నప్పటి ఆటవస్తువు, అమ్మాయిలకు కొత్త. ఆ తేడాను తెలివిలో తేడా అనుకుని ఎందరో అమ్మాయిలు ఆ చదువు మధ్యలోనే వదిలేశారు. వాళ్లు చెప్పిన ఇంకో సంగతి కూడా ఉంది. కంప్యూటరుతో వైద్యానికో చదువుకో ఏదైనా మేలు చేయగలిగితే తమకు దాని మీద మనసు నిలుస్తుందన్నారు. ఆ విశ్వవిద్యాలయం ప్రవేశాల పద్ధతీ బోధనా మార్చుకుంది. 1995లో కొత్తగా చేరేవారిలో 7 శాతంగా ఉన్న అమ్మాయిలు 2000 నాటికి 42 శాతమయ్యారు. అయిదేళ్లలో అమ్మాయిల మెదళ్లు మారవు కదా. మారింది తలుపు.

సెయిలర్స్ అందుకున్న కొస ఇదే. ముందు ఎవరికి కష్టంగా ఉందో చూపించింది, ఆ తర్వాతే కోడ్ నేర్పింది. నిజానికి ఇలా నేర్పితే అబ్బాయిలకూ మేలే.

అమ్మాయిలు లేని చోట ఏం జరిగిందంటే...

స్టాన్‌ఫర్డ్‌లో ఫే-ఫే లీ దగ్గరే పీహెచ్‌డీ చేసిన టిమ్నిట్ గెబ్రూ, ఎంఐటీ పరిశోధకురాలు జాయ్ బులమ్వినీ కలిసి 2018లో ఒక పరీక్ష పెట్టారు. ముఖాన్ని చూసి ఆడో మగో చెప్పే పేరున్న కంపెనీల సాఫ్ట్‌వేర్లకు ఆఫ్రికా, ఐరోపా దేశాల పార్లమెంటు సభ్యుల ఫొటోలు 1,270 చూపించారు. తెల్లని మగవాళ్ల విషయంలో తప్పులు ఒక శాతం లోపే. నల్లని ఆడవాళ్ల విషయంలో మాత్రం ఒక సాఫ్ట్‌వేర్ 34.7 శాతం తప్పింది. నేర్చుకోవడానికి ఇచ్చిన ఫొటోల్లో ఏ ముఖాలు తక్కువైతే ఆ ముఖాలను యంత్రం సరిగా పోల్చుకోలేదు. తన ముఖాన్ని కెమెరా గుర్తించక, తెల్లటి మాస్కు పెట్టుకుంటే గుర్తించడం చూశాకే జాయ్ ఈ పరిశోధనకు దిగారు. ఆ గదిలో ఆమె లేకపోతే ఆ ప్రశ్నే పుట్టేది కాదు.

అదే ఏడాది అమెజాన్ సంగతి బయటికొచ్చింది. ఉద్యోగ దరఖాస్తులకు మార్కులు వేయడానికి ఆ కంపెనీ ఒక యంత్రాన్ని తయారుచేయించింది. గత పదేళ్లలో వచ్చిన దరఖాస్తులను చూపించి నేర్పారు. వాటిలో ఎక్కువ మగవాళ్లవే. దాంతో ‘మహిళల’ అన్న మాట కనిపిస్తే చాలు, అది మార్కులు తగ్గించడం మొదలెట్టింది. రెండు మహిళా కళాశాలల పట్టభద్రులనూ వెనక్కి నెట్టింది. చివరికి కంపెనీ ఆ ప్రయత్నం మానుకుంది. కాలేజీ పేరులోనే ‘మహిళా’ ఉన్న తెలుగమ్మాయిలు ఎన్ని వేల మందో ఒక్కసారి తలుచుకోండి. మనకు ఇది పరాయి ఊరి గొడవ కాదు.

మన అమ్మాయిలకు ఎక్కడ ఆగుతోంది?

తెలుగు రాష్ట్రాల్లో ఇంజినీరింగ్ తరగతులకు వెళ్తే అమెరికా బొమ్మ కనిపించదు. కంప్యూటర్ సైన్స్ సెక్షన్లలో అమ్మాయిలు నిండుగా ఉంటారు. మన చిక్కు వేరే చోట ఉంది. సీటు వస్తుంది, క్యాంపస్ ప్లేస్‌మెంటూ వస్తుంది. ఏ సమస్య మీద పనిచేయాలో నిర్ణయించే కుర్చీ దాకా వచ్చేసరికి సంఖ్య పలచబడిపోతుంది. దేశంలోని పరిశోధకుల్లో మహిళలు ఐదో వంతుకు మించరని కేంద్ర ప్రభుత్వ లెక్కలే చెబుతున్నాయి.

ప్రశ్న అడిగే అలవాటు ఇంజినీరింగ్‌లో చేరాక పుట్టదు. అంతకుముందే పుట్టాలి. మన పిల్లలకు ఆ తీరిక ఎక్కడుంది? తొమ్మిదో తరగతి పరీక్షలవగానే పదో తరగతి పాఠాలు మొదలెట్టే స్కూళ్లు ఎన్నో. పది పరీక్షలు కాకముందే ఇంటర్ కాలేజీల పీఆర్వోలు ఇంటి తలుపు తడతారు. ఎంపీసీయా, బైపీసీయా అన్నది ఆ వారంలోనే తేలిపోతుంది. ఆపైన రెండేళ్లు హాస్టలు, స్టడీ అవర్లు, ర్యాంకు. ఇంట్లో ఉన్న ఒక్క స్మార్ట్‌ఫోనూ ముందు అన్నయ్య చేతికే వెళ్తుంది. కొడుకు గదిలో కంప్యూటరు పెట్టిన కథకూ దీనికీ పెద్ద తేడా లేదు.

ఎనిమిది, తొమ్మిది తరగతుల వేసవి ఒక్కటే కొంత ఖాళీగా మిగిలిన కిటికీ. సీబీఎస్ఈ 2019-20 నుంచి తొమ్మిదో తరగతిలో కృత్రిమ మేధను ఐచ్ఛిక సబ్జెక్టుగా పెట్టింది. మంచిదే. కానీ మార్కుల కోసం చదివే సబ్జెక్టు వేరు, తప్పు చేసినా ఎవరూ ఏమీ అనని వేసవి శిబిరం వేరు.

సమస్యలకు మనకు కొదవ లేదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. డాక్టరు కింది రెప్ప లాగి, లోపలి ఎరుపు చూసి రక్తం తక్కువగా ఉందని పోల్చుకుంటారు కదా. ఆ రెప్ప ఫొటోతో యంత్రం పోల్చుకోగలదా అని ప్రపంచంలో పలుచోట్ల పరిశోధకులు ప్రయత్నిస్తున్నారు. ఈ సమస్య మన అమ్మాయిల ఒంట్లోనే ఉంది. శిబిరంలో దీన్ని తీసుకుంటే ఎన్ని ప్రశ్నలు లేస్తాయో చూడండి. ట్యూబ్‌లైటు కింద తీసిన ఫొటో, ఎండలో తీసిన ఫొటో ఒకటేనా? కాటుక పెట్టుకుంటే? ఆ ఫొటో ఎవరి దగ్గర ఉండాలి? బాగానే ఉన్నావని యంత్రం పొరపాటున చెబితే ఆ పిల్ల ఆసుపత్రికి వెళ్లడం మానేస్తే బాధ్యత ఎవరిది? ఇలాంటివి ఎవరూ చెప్పకుండానే అడిగేది రక్తం తక్కువై కళ్లు తిరిగిన అమ్మాయే.

భాష సంగతీ అంతే. 2011 జనగణన ప్రకారం దేశంలో తెలుగు మాతృభాషగా ఉన్నవారు 8 కోట్ల పైమాటే. యంత్రాలు నేర్చుకున్న పాఠాల్లో తెలుగు వాటా మాత్రం చాలా కొంచెం. హైదరాబాద్‌లోని ‘స్వేచ్ఛ’ సంస్థ ఇంజినీరింగ్ విద్యార్థుల చేత పాత కథలను కంప్యూటరుకు ఎక్కించి, తెలుగులో కథలు చెప్పే ఏఐని తయారుచేసింది. అమ్మమ్మల మాట, పొలం పాట, వంటింటి పలుకుబడి ఆడపిల్లల నోటినుంచి చేరితే ఆ తెలుగు ఇంకెంత నిండుగా ఉంటుందో!

ఇంట్లోనే చేసి చూడండి: పప్పుల పరీక్ష

ల్యాప్‌టాప్, ఇంటర్నెట్ ఉంటే చాలు. గూగుల్ వారి ‘టీచబుల్ మెషీన్’ ఉచితం, కోడ్ రాయనక్కర్లేదు.

1. కందిపప్పు స్టీలు పళ్లెంలో, శనగపప్పు ప్లాస్టిక్ పళ్లెంలో పోయండి. ఒక్కోదానికీ యాభై దాకా ఫొటోలు తీసి, ఏది ఏదో యంత్రానికి పేరు పెట్టి నేర్పండి.

2. ఇప్పుడు పరీక్షించండి. దాదాపు ప్రతిసారీ సరిగ్గానే చెబుతుంది.

3. పళ్లేలు మార్చండి. కందిపప్పు ప్లాస్టిక్‌లోకి, శనగపప్పు స్టీలులోకి పోసి మళ్లీ చూపించండి. యంత్రం తడబడే అవకాశం ఎక్కువ. అది పప్పుకు బదులు పళ్లేన్ని నేర్చుకుని ఉంటుంది.

4. రెండు పప్పులనూ రెండు పళ్లేల్లోనూ, పగటి వెలుతురులోనూ లైటు కిందా ఫొటోలు తీసి మళ్లీ నేర్పండి. ఎంత మెరుగైందో పిల్లలనే రాసిపెట్టమనండి.

అమెజాన్ యంత్రం చేసిన తప్పూ ఈ పళ్లెం తప్పూ ఒకే జాతివి. పనితనాన్ని చూడమంటే, చుట్టూ ఉన్నదాన్ని చూసి తీర్పు చెప్పింది.

మన శిబిరం ఎలా ఉండాలి?

స్టాన్‌ఫర్డ్ అక్కర్లేదు. మన దగ్గర మహిళా ఇంజినీరింగ్ కళాశాలలున్నాయి, తిరుపతిలో, హైదరాబాద్‌లో మహిళా విశ్వవిద్యాలయాలున్నాయి, గ్రామీణ విద్యార్థుల కోసం 2008లో మొదలైన ట్రిపుల్ ఐటీలున్నాయి. వేసవిలో వాటి ల్యాబులకు చాలావరకు తాళాలే. ఒక్కో కాలేజీ చుట్టుపక్కల ప్రభుత్వ బడుల నుంచి, కస్తూర్బా విద్యాలయాల నుంచి పాతిక మందిని రెండు వారాలు పిలిస్తే చాలు.

రాకపోకలు ఒకప్పుడు పెద్ద అడ్డంకి. ఇప్పుడు తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి కొన్ని రకాల ఆర్టీసీ బస్సుల్లో మహిళలకు ప్రయాణం ఉచితం. పొద్దున వచ్చి సాయంత్రానికి ఇల్లు చేరే శిబిరానికి ఇంతకంటే మంచి ఏర్పాటు లేదు. ఎండ ముదిరేలోపు క్లాసు మొదలెట్టి, మధ్యాహ్నం భోజనం అక్కడే పెట్టి, చల్లబడ్డాక పంపిస్తే అమ్మానాన్నలకూ బెంగ ఉండదు.

ఎంపికలో మార్కులు చూడకండి. ‘మీ ఊళ్లో మీరు మార్చాలనుకునేది ఏమిటి?’ అని ఒక పేజీ తెలుగులో రాయమనండి. పాఠం చెప్పేవాళ్లు అదే కాలేజీలో మూడు, నాలుగో సంవత్సరం చదివే అక్కలైతే మరీ మంచిది. అయిదారేళ్ల కిందట తమలాగే ఉన్న మనిషి ఎదురుగా నిలబడి చెబుతుంటే కలిగే ధైర్యం, ఎంత పెద్ద ప్రొఫెసరు ఉపన్యాసంతోనూ రాదు. చివర్లో పరీక్ష, ర్యాంకు, ఫ్లెక్సీ పెట్టకండి. ఆఖరి రోజు ఊరివాళ్లను పిలిచి, పిల్లలు తాము చేసింది చూపించే ఏర్పాటు చేయండి. యంత్రం ఎక్కడ తప్పిందో కూడా వాళ్ల నోటితోనే చెప్పించండి.

ఖర్చు పాతిక ల్యాప్‌టాపులు, ఇంటర్నెట్, భోజనాలు. చాలా కళాశాలల్లో మొదటి రెండూ ఇప్పటికే ఉన్నాయి. కావలసింది ప్రిన్సిపాల్ సంతకం, రెండు వారాలు కేటాయించే ఇద్దరు అధ్యాపకులు, పిల్లను పంపించే తల్లిదండ్రులు.

బ్యాంకు అప్పు ఎవరికి ఇవ్వాలి, ఏ దరఖాస్తు ముందుకు వెళ్లాలి, ఏ రోగిని మొదట చూడాలి... ఇలాంటి తీర్పుల్లో యంత్రాల మాట ఏటికేడూ పెరుగుతోంది. ఆ తీర్పులకు లోనయ్యేవాళ్లలో సగం మంది ఆడవాళ్లు. వాటిని తయారుచేసేవాళ్లలోనూ సగం మంది వాళ్లే కావడం న్యాయం. తెలుగు రాష్ట్రాల్లో ప్రతి జిల్లాలో ఒక్క కళాశాల వచ్చే వేసవికి తన ల్యాబు తలుపు తెరిస్తే వెయ్యి మందికి పైగా అమ్మాయిలు ఆ న్యాయం వైపు మొదటి అడుగు వేస్తారు. ప్రిన్సిపాళ్లు జనవరిలోనే నిర్ణయం తీసుకోండి. తల్లిదండ్రులు ఆ రెండు వారాలు ట్యూషన్‌కు సెలవు చెప్పండి. మిగతాది పిల్లలు చూసుకుంటారు.